పదిహేను నెలల పరుగు

చేతిలో ఓ డిగ్రీ ఉంది. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. వయసు ముప్ఫై ఏడు. అప్పుడు మళ్లీ కాలేజీలో చేరి నర్సు కావాలనుకుంటే? అమెరికాలో అందుకో దారి ఉంది. ఆ దారిన వెళ్లిన ఓ తెనాలి ఆడపడుచు కథ ఇది.

బ్యాంకులో అప్పుల కాగితాలు చూసినాయన ఒకరు. హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పిన టీచరమ్మ మరొకరు. సైన్యం నుంచి తిరిగొచ్చిన కుర్రాడు, పెళ్లిళ్లకు ఫొటోలు తీసే ఆవిడ, బయాలజీలో డిగ్రీ చేసి మెడిసిన్ సీటు దొరక్క ఆగిపోయిన అమ్మాయి... అందరూ ఒకే రంగు స్క్రబ్స్ తొడుక్కుని, ఓ ప్లాస్టిక్ బొమ్మ చుట్టూ నిలబడి, దాని చేతికి సూది ఎక్కించడం నేర్చుకుంటుంటారు. ఆ బొమ్మ మూలుగుతుంది. దగ్గుతుంది. టీచరు తలచుకుంటే దాని గుండె ఆగిపోతుంది కూడా!

అమెరికాలో యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ క్లాసులు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. అప్పటికే ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్ల కోసం పెట్టిన నర్సింగ్ డిగ్రీ అది. మామూలుగా నాలుగేళ్లు పట్టే చదువును పదకొండు నుంచి పద్దెనిమిది నెలల్లో పూర్తిచేయిస్తారు. ఇంగ్లిషు, చరిత్ర, సోషియాలజీ లాంటివన్నీ మొదటి డిగ్రీలోనే చదివేశారు కాబట్టి వాటిని మినహాయిస్తారు. నర్సింగ్ పాఠాల్లో మాత్రం రాయితీ ఏమీ ఉండదు. ఆస్పత్రిలో చేయాల్సిన పనిగంటలూ తగ్గవు. తగ్గేవి సెలవులు, నిద్ర.

2021 జనవరిలో న్యూజెర్సీలోని ఒక కాలేజీలో అలాంటి బ్యాచ్ మొదలైంది. కొవిడ్ రోజులు కదా... పాఠాలు కంప్యూటర్ తెర మీద, ల్యాబు మాత్రం మాస్కులతో. ఆ బ్యాచ్‌లో ఆమె ఒక్కతే తెలుగు మనిషి. చదివింది ఎంసీఏ. హైదరాబాద్‌లో రెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసింది. 2008లో పెళ్లయి, హెచ్4 వీసా మీద భర్త వెంట అమెరికా వెళ్లింది. హెచ్4 అంటే తెలుగిళ్లలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఉండొచ్చు, చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. అలా ఏడేళ్లు గడిచాయి. గ్రీన్‌కార్డు వరసలో ఉన్న హెచ్1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములు పనిచేసుకోవచ్చని 2015 మేలో నిబంధన మారింది. ఆ మరుసటేడు ఆమె చేతికీ కార్డు వచ్చింది. తీరా ఇంటర్వ్యూలకు వెళితే ప్రతిచోటా ఒకటే ప్రశ్న... 'ఇన్నేళ్లు ఏం చేశారు?' ఇద్దరు పిల్లల్ని పెంచానని చెబితే అవతలివాళ్లు మర్యాదగా తలూపేవారు. ఆ తర్వాత ఫోన్ వచ్చేది కాదు.

నొప్పికి మార్కులు

2017 డిసెంబరులో ఆమె అత్తగారు తెనాలి నుంచి మనవల్ని చూడ్డానికి వచ్చారు. వచ్చిన మూడోవారం గుమ్మం బయట గడ్డకట్టిన మంచు మీద కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్. ఆస్పత్రిలో నర్సు వచ్చి, నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పమంది. కోడలు తెలుగులో చెప్పింది.

'నొప్పికి గూడా మార్కులేంది అమ్మాయ్? నొప్పి నొప్పే!' అన్నారావిడ.

నర్సు వదల్లేదు. ఎలాంటి నొప్పి? పొడిచినట్టా, కాలినట్టా, లాగినట్టా? అప్పుడు పెద్దావిడ నోరు విప్పారు. తుంటి దగ్గర సలుపు. కదిలితే పోటు. కుట్లు వేసినచోట మంట. పిక్కల్లో తీపు. పాదం తిమ్మిరి. కోడలు ఒక్కోదానికీ ఇంగ్లిషు మాట వెతుక్కుంటూ చెబుతూ పోయింది. సలుపు అన్నచోట ఆగిపోయింది. ఎంత ఆలోచించినా సరిపోయే మాట దొరకలేదు. చేత్తో అభినయించి చూపించింది. ఫోన్లో దుబాసీని పిలిచారు గానీ, ఆయన లైన్లోకి వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. ఈలోగా నర్సు ఓ కాగితం ఇచ్చి, ఆ మాటలన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో రాయమని, మంచం పక్కనున్న తెల్లబోర్డుకు అంటించింది. రాత్రి డ్యూటీవాళ్లు వచ్చి 'మంటా? పోటా?' అని అడుగుతుంటే పెద్దావిడకు నొప్పిలోనూ నవ్వొచ్చేది.

నాలుగో రోజు మాటల్లో తెలిసిందేమిటంటే, ఆ నర్సు నలభయ్యో ఏడు దాకా ఓ కంపెనీలో అకౌంటెంటు! ఉద్యోగం పోయాక రెండో డిగ్రీగా నర్సింగ్ చదివింది. 'ఒకటింపావు సంవత్సరం. మా ఇంట్లో ఎవరూ నా మొహం చూసి ఎరగరు' అందట.

ఆ మాట ఆమె బుర్రలో ఉండిపోయింది. రెండు నెలల తర్వాత, వాకర్ పట్టుకుని హాల్లో నడుస్తున్న అత్తగారికి నెమ్మదిగా చెప్పింది. ఆవిడ ఆగిపోయారు. 'ఎంసీఏ చదివి నర్సువా? మన ఇళ్లల్లో ఎవరన్నా చేశారా?'

'మీకు చేసినామె అకౌంటెంట్ కదా అత్తయ్యా.'

'ఆమె వేరు' అన్నారు పెద్దావిడ. ఎందుకు వేరో చెప్పలేదు. కోడలూ అడగలేదు.

ఆ 'వేరు'లోనే అంతా ఉంది. గుంటూరుకు డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది 1883లో. ఆమె పేరుతో ఆస్పత్రి ఇప్పటికీ ఉంది. మిషన్ ఆస్పత్రుల్లో నర్సింగ్ నేర్చుకున్న తెలుగమ్మాయిలు తరాలుగా ఉన్నారు. అయినా మధ్యతరగతి ఇళ్లలో నర్సు ఉద్యోగమంటే ఎవరో కేరళ నుంచి వచ్చి చేసిపెట్టే పని అన్నట్టే చూశాం. ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే డాక్టరుగారి పేరు, ఆయన చదివిన కాలేజీ పేరు నలుగురికీ చెబుతాం. రాత్రి రెండింటికి లేచి సెలైన్ సీసా మార్చిన మనిషి పేరేంటని అడిగితే తెల్లమొహం వేస్తాం. 'సిస్టర్' అన్న పిలుపుతో పేరు అవసరమే పడదు మరి!

మూడేళ్ల డిగ్రీతో తంటా

నిర్ణయం తీసుకోవడం ఒక ఎత్తు, కాలేజీ గుమ్మం దాకా చేరడం మరో ఎత్తు. మొదట మన డిగ్రీని వాళ్ల లెక్కలోకి మార్చాలి. విదేశీ సర్టిఫికెట్లను చూసి అమెరికా డిగ్రీకి ఇది సమానమా కాదా అని తేల్చే సంస్థలున్నాయి. యూనివర్సిటీ నుంచి సీలు వేసిన కవర్లో మార్కుల జాబితాలు తెప్పించాలి. ఆమె తండ్రి రిటైర్డ్ లెక్కల మాస్టారు. నాగార్జున యూనివర్సిటీకి నాలుగుసార్లు తిరిగి ఆ కవర్లు పంపించారు. బీఎస్సీ మూడేళ్లు, ఎంసీఏ మూడేళ్లు కలిపి చూసి డిగ్రీ ఉన్నట్టేనని తేల్చారు. ఆమెతోపాటు దరఖాస్తు చేసిన ఓ స్నేహితురాలిది ఉత్త బీకాం. మూడేళ్ల డిగ్రీని కొన్ని కాలేజీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఆ స్నేహితురాలి ప్రయత్నం అక్కడే ఆగిపోయింది.

ఆ తర్వాత అసలు కోర్సుకు ముందు చదవాల్సిన సబ్జెక్టులు. అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, మనిషి పుట్టుక నుంచి ముసలితనం దాకా ఎదుగుదల గురించి చెప్పే సైకాలజీ. 'పదిహేను నెలల్లో నర్సు' అని కాలేజీలు వేసే ప్రకటనల్లో ఈ లెక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏ సబ్జెక్టూ పాతబడకూడదన్నది ఇంకో మెలిక. అయిదారేళ్లు దాటిన మార్కుల్ని చాలాచోట్ల లెక్కలోకి తీసుకోరు. ఎంసీఏలో స్టాటిస్టిక్స్‌లో తొంభైకి పైగా తెచ్చుకున్న మనిషి, పదిహేనేళ్ల తర్వాత అదే పాఠం మళ్లీ డబ్బుకట్టి చదివింది. ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులు. భర్త ఆఫీసు నుంచి వచ్చి కారు తాళాలు ఇవ్వడం, ఆమె పుచ్చుకుని వెళ్లడం. అలా రెండున్నరేళ్లు పట్టింది. అంటే పదిహేను నెలల చదువుకు ముప్ఫై నెలల తయారీ అన్నమాట.

ఇక డబ్బు. ఈ కోర్సుల ఫీజు కాలేజీని బట్టి ముప్ఫై నలభై వేల డాలర్ల నుంచి ఎనభై వేలు దాటేదాకా ఉంటుంది. ఒకసారి డిగ్రీ చేసినవాళ్లకు అమెరికా ప్రభుత్వం పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు రాదు, వాళ్ల సొంత పౌరులకే అయినా సరే. ప్రభుత్వ అప్పులు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే. ఆమెకు రెండూ లేవు. ప్రైవేటు అప్పు కావాలంటే పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో పూచీ సంతకం పెట్టాలి. ఇల్లు కొనడానికి పదేళ్లుగా దాచిన సొమ్ములో సగం తీశారు. మిగతా సగానికి భర్త స్నేహితుడు సంతకం పెట్టాడు. ఆ రోజు ఆ స్నేహితుడి భార్య మొహంలో కనిపించిన భయాన్ని ఆమె ఇప్పటికీ తప్పుపట్టదు.

తెనాలిలో తండ్రి స్థలం అమ్మి పంపిస్తానన్నారు. ఆమె వద్దంది. తల్లి మాత్రం 'చుట్టాలకేం చెప్పాలే?' అని వారం రోజులు ఫోన్లో సరిగ్గా మాట్లాడలేదు. మాస్టారిది ఇంకో సందేహం. 'సూది మందంటే బడి ఎగ్గొట్టి దాక్కునేదానివి గదే అమ్మడూ. రేపు నువ్వే పొడవాలంటగా!' అని నవ్వారట.

ఎవరు మొదలెట్టారు?

ఈ చదువు నిన్న మొన్న పుట్టిందేం కాదు. సెయింట్ లూయీ యూనివర్సిటీ 1971లోనే మొదలుపెట్టింది. యేల్ యూనివర్సిటీ 1974లో, వేరే డిగ్రీ ఉన్నవాళ్లను నేరుగా నర్సింగ్ మాస్టర్స్‌లోకి తీసుకునే కోర్సు పెట్టింది. 1990 నాటికి దేశమంతా కలిపి ఇలాంటి బీఎస్ఎన్ కోర్సులు ముప్ఫై ఒకటి. ఇప్పుడు రెండొందల యాభైకి పైమాటే. నర్సుల కొరత ఒక కారణం. ఇంకో కారణం 2010లో వచ్చింది. దేశంలోని నర్సుల్లో నూటికి ఎనభై మందికి 2020కల్లా డిగ్రీ ఉండాలని అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ సిఫార్సు చేసింది. రెండేళ్ల డిప్లొమా లాంటి చదువుతో వచ్చే నర్సులకన్నా డిగ్రీ ఉన్నవాళ్లనే పెద్దాస్పత్రులు కోరుకోసాగాయి. రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ 2008లో మొదలుపెట్టిన పథకం కింద, ఇలా రెండో డిగ్రీకి వచ్చిన మూడున్నర వేల మందికి తలా పదివేల డాలర్ల స్కాలర్‌షిప్పు అందింది. ఆ పథకం ముగిసిపోయింది.

మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ చేసి అమెరికా వెళ్లేవాళ్లకు ఈ కోర్సుతో పనిలేదు. వాళ్లు సర్టిఫికెట్ల పరిశీలన పూర్తిచేసుకుని, ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష రాస్తే చాలు. ఇది పూర్తిగా వేరే చదువు చదివి, మధ్యలో దారి మార్చుకున్నవాళ్ల గొడవ.

చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని...

మొదటి నెలలోనే మందుల మోతాదు లెక్కల పరీక్ష. నూటికి తొంభై రాకపోతే వార్డులో కాలు పెట్టనివ్వరు. రోగి బరువు పౌండ్లలో ఇస్తారు, మందు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని ఉంటుంది, సీసాలో ఇన్ని మిల్లీలీటర్లకు ఇంత అని రాసుంటుంది, బొట్లు నిమిషానికి ఎన్నో తేల్చాలి. బ్యాంకు ఉద్యోగం చేసొచ్చినాయన మొదటిసారి తప్పాడు. లెక్కల మాస్టారి కూతురికి నూటికి నూరు. ఆ సంగతి చెప్పడానికి తెనాలికి ఫోన్ చేస్తే అక్కడ తెల్లవారుజాము మూడు గంటలు. మాస్టారు లేచి, ఆ లెక్క ఏమిటో చెప్పించుకుని, కాగితం మీద చేసి చూసుకుని పడుకున్నారట!

లెక్కలు తేలిక. మనసు తేలిక కాదు. వార్డులో రెండోరోజే, పక్షవాతం వచ్చిన ఎనభై ఏళ్ల పెద్దాయనకు ఒళ్లు తుడిచి పక్కబట్టలు మార్చాలి. మనిషిని లేపకుండానే ఒక పక్కకు ఒత్తిగిలించి, పాత దుప్పటి చుట్టుకుంటూ కొత్తది పరుచుకుంటూ వెళ్లడం ఓ విద్య. బెడ్‌పాన్ తీయడం ఇంకోటి. పరాయి మగవాడు, అందులోనూ ఆ పని. ఇంట్లో పిల్లల ఎంగిలి తప్ప ఇంకొకరి ఎంగిలి ముట్టకుండా పెరిగిన మనిషి. చేతికి గ్లోవ్స్ ఉన్నాయి, మొహానికి మాస్కు ఉంది. అయినా ఆ సాయంత్రం ఇంటికొచ్చి అరగంటసేపు షవర్ కింద నిలబడిపోయింది. భర్త తలుపు తట్టి 'బాగానే ఉన్నావా?' అని అడిగాడు. 'ఉన్నాను. మీరు పిల్లలకు అన్నం పెట్టండి' అంది.

వారం తిరిగేసరికి అదే పెద్దాయన ఆమె రాకకోసం చూడ్డం మొదలుపెట్టాడు. ఆయనకు మాట సరిగా రాదు. ఎడమచేత్తో గడియారం చూపించి వేలు ఊపేవాడు, ఆలస్యమైందని. ఆమెకు షవర్ కింద నిలబడాల్సిన అవసరం ఎప్పుడు పోయిందో ఆమెకే గుర్తులేదు.

ఇంటి సంగతులు చెప్పుకుంటే చాంతాడంత. సోమవారం పరీక్ష, మంగళ, బుధవారాలు పొద్దున్న ఆరున్నరకల్లా ఆస్పత్రిలో ఉండాలి. గురువారం మళ్లీ పరీక్ష. ఈ కోర్సు చదువుతూ ఉద్యోగం చేయొద్దని కాలేజీలే చెబుతాయి. ఇల్లు నడపొద్దని మాత్రం ఎవరూ చెప్పరు! ఆదివారం ఒక్కరోజే కూర్చుని వారానికి సరిపడా ఇడ్లీ పిండి రుబ్బి, నాలుగు రకాల కూరలు వండి డబ్బాల్లో సర్దేది. ఎనిమిదేళ్ల చిన్నవాడు బడిలో 'మా అమ్మ' అనే వ్యాసంలో, మా అమ్మ ఎప్పుడూ నిద్రపోతూ ఉంటుంది లేకపోతే ఉండదు అని రాశాడు. అది చదివి ఆమె నవ్విందని భర్త అంటాడు. నవ్వలేదని ఆమె అంటుంది.

ఆ మే నెల

2021 మే. మన దగ్గర కొవిడ్ రెండో విడత. తెనాలిలో మాస్టారికి జ్వరం వచ్చింది. నాలుగోరోజుకు ఆయాసం. తమ్ముడు గుంటూరు తీసుకెళ్లి తిరగని ఆస్పత్రి లేదు. చివరికి ఒకచోట ఆక్సిజన్ పడక దొరికింది.

వెళ్లాలి. ఎలా? ఆమె పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు ఎప్పుడో తీరిపోయింది. అమెరికాలో ఉన్నంతకాలం ఫర్వాలేదు, బయటికొస్తే మాత్రం కాన్సులేట్‌లో కొత్త ముద్ర వేయించుకోవాల్సిందే. ఆ నెలలో మనదేశంలోని అమెరికా కాన్సులేట్లలో మామూలు వీసా ఇంటర్వ్యూలు ఆగిపోయాయి. వెళ్తే ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పగలిగినవాళ్లు లేరు. పిల్లలు ఇక్కడ. అప్పు ఇక్కడ. రెండు రోజులకు మించి క్లినికల్ తప్పితే తర్వాతి బ్యాచ్‌కు నెట్టేస్తారన్న నియమం ఇక్కడ. భర్త 'నువ్వెళ్లు, ఏమైతే అది అవుతుంది' అన్నాడు. ఆ రాత్రంతా ఆమె టిక్కెట్లు చూస్తూ కూర్చుంది.

తెల్లారేలోపు తమ్ముడి నంబరు నుంచి వీడియో కాల్. ఫోన్ పట్టుకున్నది తమ్ముడు కాదు. నిలువెల్లా పీపీఈ కిట్‌లో ఉన్న నర్సు. వార్డులోకి బంధువుల్ని రానివ్వడం లేదు కాబట్టి, తమ్ముడి ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని లోపలికి తెచ్చిందా అమ్మాయి. మాస్టారి మొహానికి మాస్కు. కూతుర్ని గుర్తుపట్టారు. ఏదో అన్నారు. మాస్కులోంచి వినిపించలేదు. నర్సు వంగి, చెవి పెట్టి విని, తిరిగి చెప్పింది. 'క్లాసుకెళ్లావా అంటున్నారమ్మా.'

ఆమె కళ్లు మాత్రం వెనకున్న మానిటర్ మీద ఉన్నాయి. ఆక్సిజన్ 81. రెండు నెలల కిందటైతే ఆ అంకె ఆమెకు ఏమీ చెప్పేది కాదు. ఇప్పుడు అన్నీ చెప్పింది. నర్సుకూ తెలుసు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏమీ అనుకోలేదు.

మరుసటిరోజు మాస్టారు పోయారు. తమ్ముడు దూరం నుంచి ఫోన్లో చూపిస్తుంటే, మున్సిపాలిటీ వాళ్లే అన్నీ చేశారు. ఆమె క్లినికల్ ఒక్కరోజు మానేసింది. ఆ తర్వాతిరోజు వెళ్లింది. వెళ్లడం తప్పా ఒప్పా అని చుట్టాల్లో ఇప్పటికీ రెండు మాటలున్నాయి. తల్లి మాత్రం ఆ విషయంలో ఒక్కమాట అననివ్వదు. ఫోన్ పట్టుకున్న ఆ నర్సు ఎవరో కనుక్కుందామని తమ్ముడు తర్వాత ఆస్పత్రికి వెళ్లాడు. ఆ రోజుల్లో అందరూ ఒకేలాంటి తెల్లకిట్లలో ఉన్నారు. ఎవరో చెప్పలేకపోయారు.

75వ ప్రశ్న దగ్గర

2022 వసంతంలో కోర్సు అయిపోయింది. జూన్‌లో ఎన్‌క్లెక్స్. ఈ పరీక్ష తమాషాగా ఉంటుంది. సరైన జవాబు చెబితే కంప్యూటర్ ఇంకాస్త కష్టమైన ప్రశ్న ఇస్తుంది. తప్పితే కాస్త తేలికైంది. ఆ మనిషి రోగి దగ్గర నిలబడటానికి పనికొస్తుందో లేదో తేలగానే, ఆట ఆపేస్తుంది. అప్పట్లో తక్కువలో తక్కువ 75 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 145. (2023 ఏప్రిల్ నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు 85 నుంచి 150.) ఆమెకు 75వ ప్రశ్న తర్వాత తెర ఆగిపోయింది. బ్రహ్మాండంగా రాసినా, ఘోరంగా రాసినా 75కే ఆగుతుంది! ఆ లెక్క వెనకున్న ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో ఎంసీఏ బుర్రకు తెలుసు. అందుకే అందరికన్నా ఎక్కువ భయపడింది. రెండు రోజుల తర్వాత పాసైందని తెలిసింది.

ఆస్పత్రి ఉద్యోగం ఇస్తానంది. కానీ పనిచేసుకునే కార్డు గడువు తీరి, కొత్తది ఇంకా రాలేదు. ఆ ఏళ్లలో హెచ్4 కార్డుల రెన్యువల్ నెలలకు నెలలు నానేది. చేతిలో లైసెన్సు పెట్టుకుని, నర్సులు చాలక అల్లాడుతున్న రాష్ట్రంలో, ఆమె మూడు నెలలు ఇంట్లో కూర్చుంది. ఇంతకన్నా విచిత్రం ఇంకోటుంటుందా!

ఇప్పుడామె వారానికి మూడు రాత్రులు పనిచేస్తుంది. సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఏడు దాకా. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ జీతం 2023లో ఏడాదికి 86,070 డాలర్లు. అక్కడి కార్మికశాఖ లెక్క అది. న్యూజెర్సీలో అంతకన్నా కాస్త ఎక్కువే. పూచీ సంతకం పెట్టిన స్నేహితుడి అప్పు ముందు తీర్చేసింది. ఇల్లు ఇంకా అద్దెదే. నర్సులకు గ్రీన్‌కార్డు త్వరగా వస్తుందని చాలామంది అనుకుంటారు. కార్మికశాఖ అనుమతి మెట్టు ఒకటి వాళ్లకు తప్పుతుంది, నిజమే. కానీ ఇండియాలో పుట్టినవాళ్ల వరస మాత్రం అందరితో సమానమే. ఆ వరసలోనే ఆమె కుటుంబం పన్నెండేళ్లుగా ఉంది.

అత్తగారు ఇప్పుడు తెనాలిలో ఉంటారు. ఇరుగుపొరుగుకు కోడలి గురించి 'ఆస్పత్రిలో చేస్తది' అంటారు. ఏం చేస్తుందని గుచ్చి అడిగితేనే 'నర్సు' అంటారు. ఈ మధ్య మాత్రం బీపీ మాత్ర మార్చారంటే చాలు, డాక్టరు రాసిన చీటీ ఫొటో ముందు కోడలికి వెళ్లాల్సిందే.

ఫోన్లో అడిగేవాళ్లు

నెలకు ఇద్దరు ముగ్గురు తెలుగు ఆడవాళ్లు ఆమెకు ఫోన్ చేస్తుంటారు. డల్లాస్ నుంచి, అట్లాంటా నుంచి. హెచ్4 వాళ్లు, ఉద్యోగాలు పోయిన ఐటీ వాళ్లు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. 'ఇంకా తొందరగా అయ్యేది ఏమన్నా ఉందా అక్కా? ఆన్‌లైన్లో?' అప్పుడామె ఫ్లోరిడా సంగతి చెబుతుంది. 2023 జనవరిలో అక్కడ బయటపడిన దొంగ డిప్లొమాల వ్యవహారం. మూడు నర్సింగ్ స్కూళ్ల పేరుతో 7,600కు పైగా నకిలీ సర్టిఫికెట్లు అమ్ముకున్నారు. వాటితో సుమారు 2,400 మంది ఎన్‌క్లెక్స్ కూడా పాసయ్యారు. కేసులు పడ్డాయి, చాలామంది లైసెన్సులు పోయాయి. కాలేజీకి రాష్ట్ర నర్సింగ్ బోర్డు గుర్తింపు ఉందా, సీసీఎన్ఈ గానీ ఏసీఈఎన్ గానీ ఆమోదం ఉందా చూసుకోకుండా ఒక్క డాలరు కట్టొద్దని చెబుతుంది. ఆ తర్వాత, ఏదైనా ముసలివాళ్ల ఆశ్రమంలో నెలరోజులు నర్సు సహాయకురాలిగా పనిచేసి చూడమంటుంది. అది విన్నాక సగంమంది మళ్లీ ఫోన్ చేయరు. మిగతా సగంలో ఇద్దరు ఇప్పుడు కోర్సులో ఉన్నారు.

గుంటూరు నుంచి కూడా ఓ ఫోన్ వస్తుంటుంది. తమ్ముడి కూతురు. బీకాం ఫైనలియర్. తాతయ్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాన్న పక్కనే గేటు బయట నిలబడ్డ పిల్ల. ఇక్కడే నర్సింగ్ చదవొచ్చా అత్తా అని అడుగుతోంది. మన దేశంలో అడ్డదారి లేదు. ఏ డిగ్రీ ఉన్నా సరే, బీఎస్సీ నర్సింగ్ చేయాలంటే మొదటి ఏడాది నుంచి నాలుగేళ్లూ చదవాల్సిందే. అందుకు ఇంటర్లో బయాలజీ ఉండాలి. ఈ అమ్మాయి చదివింది ఎంఈసీ. ఏ గ్రూపు వాళ్లయినా చేరగలిగేది మూడేళ్ల జీఎన్ఎం. దాని తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు. అంటే బీకాం మూడేళ్లు పక్కన పెట్టేసి, మరో అయిదేళ్లు. అమెరికాలో అయితే చేతిలోని డిగ్రీకి ఎంతో కొంత విలువ కడతారు. ఇక్కడ అది చెత్తబుట్టకే.

మేనత్త ఇవన్నీ లెక్కవేసి చెప్పింది. పిల్ల విని, జీఎన్ఎం దరఖాస్తులు ఎప్పుడిస్తారని అడిగింది. ఇంట్లో మాత్రం సంబంధాలు చూస్తున్నారు.